నెట్ రావట్లేదంటే అసలు ఏది రావట్లేదు? నెట్‌వర్కింగ్ పొడి అక్షరాల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉందండీ. ఇవాళ మాట్లాడుకునేది నెట్‌వర్కింగ్‌లో రోజూ చెవిన పడే పొడి అక్షరాల గురించి, అంటే ఐపీ, డీఎన్ఎస్, డీహెచ్‌సీపీ, నాట్, టీసీపీ, టీఎల్ఎస్, బీజీపీ ఇలాంటివన్నమాట. వీటి ఫుల్ ఫామ్‌లు సెర్చ్ చేస్తే క్షణంలో దొరుకుతాయి, పరీక్షల్లో అవే అడుగుతారు, ఇంటర్వ్యూల్లో కూడా అవే అడుగుతారు. కానీ డీహెచ్‌సీపీ అంటే డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్ అని గడగడా అప్పజెప్పిన మనిషికి, అది పని చెయ్యకపోతే స్క్రీన్ మీద ఏం కనపడుతుందో తెలీకపోతే ఆ చదువు ఎందుకు పనికొస్తుంది చెప్పండి? అందుకని నేను వెనక నుంచి వస్తాను. ఒక్కోటి ఆగిపోతే ఏమవుతుందో చూద్దాం, అప్పుడు అది మామూలు రోజుల్లో ఏం పని చేస్తోందో దానంతటదే తెలిసిపోతుంది. "నెట్ రావట్లేదు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, దాని వెనక కనీసం పది వేర్వేరు కారణాలు ఉండొచ్చు, ఒక్కో కారణానికీ ఒక్కో పేరుంది, ఆ పేర్లే ఈ పొడి అక్షరాలు.

ముందుగా ఒక చిన్న సంగతి. చివర్లో పీ కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అది ప్రోటోకాల్. అంటే రెండు మెషిన్లు ముందే కుదుర్చుకున్న పద్ధతి, ఎవరు ముందు మాట్లాడాలి, ఏ వరసలో చెప్పాలి, అవతల నుంచి జవాబు రాకపోతే ఎంతసేపు ఆగి మళ్ళీ అడగాలి, ఇవన్నీ రాసిపెట్టుకోవడం. (ఐఎస్‌పీ మాత్రం వేరు, అందులో పీ అంటే ప్రొవైడర్, మనకి నెట్ ఇచ్చే కంపెనీ.) కాబట్టి ఎక్కడ పీ చూసినా ఎవరితో ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారు అని అడగడం అలవాటు చేస్కోండి, సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు మనకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాంతో మొదలుపెడదాం, వైఫై. ఇది అసలు పొడి అక్షరమే కాదు. వైర్‌లెస్ ఫిడెలిటీ అని చాలా చోట్ల రాస్తారు గానీ, ఈ పేరు ఇంటర్‌బ్రాండ్ అనే బ్రాండింగ్ కంపెనీ తయారు చేసి ఇచ్చిన ట్రేడ్‌మార్క్, దానికి ఫుల్ ఫామ్ లేదు. దాని వెనకున్న అసలు స్టాండర్డ్ పేరు 802.11, మొదటి వెర్షన్ 1997లో వచ్చింది. వైఫై గుర్తు నిండుగా ఉందంటే మీ ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య సిగ్నల్ బాగుందని మాత్రమే అర్థం, ఆ రౌటర్ దాటి అవతల ఏం జరుగుతోందో ఆ గుర్తుకి తెలీదు. చాలామంది పొరపడేది ఇక్కడే, "సిగ్నల్ ఫుల్‌గా ఉంది కానీ నెట్ రావట్లేదు" అంటారు, అందులో వింతేం లేదు, అవి రెండూ వేర్వేరు విషయాలు. రౌటర్‌కి ఇవతల ఉన్నది లాన్, లోకల్ ఏరియా నెట్‌వర్క్. అవతల ఉన్నది వాన్, వైడ్ ఏరియా నెట్‌వర్క్. రౌటర్ వెనకాల ఒక పోర్ట్ మీద వాన్ అనీ మిగతావాటి మీద లాన్ అనీ రాసుంటుంది చూడండి, ఐఎస్‌పీ కేబుల్ తెచ్చి లాన్ పోర్ట్‌లో పెట్టేసి నెట్ రావట్లేదని తలపట్టుకునేవాళ్ళు చాలామందే ఉంటారు.

మ్యాక్ అంటే మీడియా యాక్సెస్ కంట్రోల్. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే 48 బిట్ల అడ్రస్ ఇది. అందులో మొదటి 24 బిట్లని ఐఈఈఈ అనే సంస్థ తయారీ కంపెనీలకి కేటాయిస్తుంది, మిగతా సగం కంపెనీ తన కార్డులకి వరసగా వేసుకుంటుంది. ఒకప్పుడు ఇది మారదు అనుకునేవాళ్ళం, ఇప్పుడు ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి, మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ఎవరూ కనిపెట్టకుండా. మంచి పనే. కాకపోతే ఏదైనా ఆఫీసులో ఫలానా మ్యాక్‌లనే లోపలికి రానివ్వాలి అని లిస్టు పెట్టుకుంటే, నిన్నటిదాకా పనిచేసిన ఫోన్ ఇవాళ కనెక్ట్ అవ్వదు, పాస్‌వర్డ్ కరెక్టే అయినా సరే. అలాంటప్పుడు ఫోన్‌లో ఆ వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్రైవేట్ అడ్రస్ ఆప్షన్ చూడండి.

పాస్‌వర్డ్ అన్నాం కాబట్టి డబ్ల్యూపీఏ, అంటే వైఫైకి తాళం వేసే పద్ధతి, అది కూడా చెప్పేసి ముందుకెళ్దాం. మొదట్లో డబ్ల్యూఈపీ ఉండేది (ఇందులో పీ అంటే ప్రైవసీ), దాన్ని ఛేదించొచ్చని 2001లోనే పరిశోధకులు చూపించేశారు. తర్వాత 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మీ రౌటర్‌లో ఇప్పటికీ డబ్ల్యూఈపీ ఉంటే ఇంటికెళ్ళగానే మార్చేయండి, దీని మీద ఇంక చర్చ లేదు.

సరే, వైఫైకి కనెక్ట్ అయ్యాం. వెంటనే మన కంప్యూటర్‌కి ఒక ఐపీ అడ్రస్ కావాలి, ఇంటర్నెట్ ప్రోటోకాల్ అడ్రస్. అది ఇప్పించేదే డీహెచ్‌సీపీ. ఇది జరిగే తీరు నాకు చాలా ఇష్టం. కంప్యూటర్‌కి అప్పటికి తన అడ్రస్ తెలీదు, రౌటర్ ఎక్కడుందో తెలీదు, ఎవరూ తెలీదు. అందుకని నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా "ఇక్కడ అడ్రస్‌లు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడుగుతుంది, రౌటర్ "ఇదిగో ఈ అడ్రస్ ఖాళీగా ఉంది" అంటుంది, కంప్యూటర్ "సరే అదే నాకు రాయి" అంటుంది, రౌటర్ "రాశాను, ఇంతకాలం నీదే" అని ఖాయం చేస్తుంది. మొత్తం నాలుగు మెసేజ్‌లు, డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్. అడ్రస్ ఒక్కటే కాదు, బయటికి వెళ్ళే దారి ఏది, అంటే గేట్‌వే ఎవరు, పేర్లు ఎవర్ని అడగాలి, అంటే డీఎన్ఎస్ సర్వర్ ఏది, ఇవన్నీ ఆ జవాబులోనే వస్తాయి. అందుకే డీహెచ్‌సీపీ ఆగితే మిగతావన్నీ ఆగినట్టే కనిపిస్తుంది.

మరి అది ఆగిందని ఎలా తెలుస్తుంది? కంప్యూటర్‌లో మీ ఐపీ అడ్రస్ చూడండి, 169.254 తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం. అడిగి అడిగి ఎవరూ పలక్కపోతే కంప్యూటర్ తనకి తానే ఆ వరసలోంచి ఒక నంబర్ పెట్టేసుకుంటుంది, దాంతో బయటికి పోవడం కుదరదు. ఈ ఒక్క నంబర్ గుర్తుపెట్టుకోండి చాలు, ఎన్నో గంటలు ఆదా అవుతాయి. ఇంకో రకంగా కూడా ఇది ఆగుతుంది, మీటింగ్‌లు జరిగే హాళ్ళలో ఎక్కువ చూస్తాం. మామూలు చిన్న నెట్‌వర్క్‌లో వాడుకోవడానికి 254 అడ్రస్‌లే ఉంటాయి, అందులో ఒకటి రౌటర్‌దే. ఒక్కొక్కరి దగ్గర ఫోనూ ల్యాప్‌టాపూ ఉంటే నూట ఇరవై, నూట ముప్పై మందికే అయిపోతాయి, పైగా పొద్దున వచ్చి వెళ్ళిపోయినవాళ్ళకి ఇచ్చిన అడ్రస్‌లు కూడా గడువు తీరేదాకా వెనక్కి రావు. ఆ గడువునే లీజ్ అంటారు. జనం ఎక్కువగా వచ్చిపోయే చోట లీజ్ ఒక రోజు పెట్టకూడదండీ, ఒక గంట పెడితే సగం గొడవ పోతుంది.

దీని పక్కనే ఏఆర్‌పీ ఉంటుంది, అడ్రస్ రిజల్యూషన్ ప్రోటోకాల్, 1982 నాటిది. ఫలానా ఐపీ ఎవరిది, నీ మ్యాక్ ఎంతో చెప్పు, అని అడగడం దీని పని. ఎవరు జవాబు చెప్పినా నమ్మేస్తుంది, నిజంగా వాళ్ళదేనా అని అడిగే పద్ధతి ఇందులో లేదు. రెండు మెషిన్లకి పొరపాటున ఒకే ఐపీ చేత్తో పెట్టేస్తే ఇద్దరూ నాదే అంటారు, దాంతో ఒక నిమిషం పనిచేస్తుంది, ఒక నిమిషం ఆగుతుంది. వస్తూ పోతూ ఉండే నెట్ కనిపిస్తే, ముఖ్యంగా ప్రింటర్ అలా చేస్తే, ముందు ఇదే అనుమానించండి.

ఇప్పుడు ఐపీ సంగతి, ఇక్కడ కాసేపు ఆగాలి. మనం ఎక్కువగా వాడే ఐపీవీ4 లో అడ్రస్ 32 బిట్లు, అంటే మొత్తం సుమారు 429 కోట్ల అడ్రస్‌లు. 1981లో ఇది రాసినప్పుడు అది అంతులేని సంఖ్యలా కనిపించి ఉంటుంది. ఇప్పుడు భూమ్మీద మనుషులే అంతకంటే ఎక్కువ ఉన్నాం, ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు పరికరాలున్నాయి. అడ్రస్‌లు పంచే ప్రపంచ స్థాయి సంస్థ ఐఏఎన్ఏ, ఇంటర్నెట్ అసైన్డ్ నంబర్స్ అథారిటీ, తన దగ్గర మిగిలిన చివరి పెద్ద బ్లాకుల్ని 2011 ఫిబ్రవరి 3న ఇచ్చేసింది. మరి అయిపోయాక కూడా ఇన్నేళ్ళు ఎలా నడుస్తోంది అంటే దానికి కారణం నాట్, నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్. 1994లో దీన్ని రాసినవాళ్ళే ఇది తాత్కాలికం అన్నారు. లోపల ఎంతమంది ఉన్నా బయటికి రౌటర్ ఒక్క అడ్రస్‌తోనే కనిపిస్తుంది, ఎవరు అడిగిందానికి ఏ జవాబు వచ్చిందో పోర్ట్ నంబర్లతో (ఇవి రౌటర్ వెనకుండే పోర్ట్‌లు కాదు, ఒక మెషిన్‌లో ఏ ప్రోగ్రామ్ మాటో గుర్తుపట్టే నంబర్లు) ఒక పట్టికలో రాసుకుని ఎవరిది వాళ్ళకి ఇస్తుంది. అందుకే మీ ఇంట్లో అడ్రస్ 192.168 తో మొదలవుతుంది, పక్కింట్లోనూ అదే, పక్క దేశంలోనూ అదే. 10 తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవీ కూడా ఇలా లోపల వాడుకోవడానికే వదిలిపెట్టారు.

నాట్ వల్ల పోయింది ఏంటంటే, బయటివాళ్ళు మనల్ని నేరుగా చేరుకోలేరు. లోపల నుంచి మొదలైన సంభాషణకే పట్టికలో చోటు ఉంటుంది, బయట నుంచి తలుపు తడితే ఎవరికివ్వాలో రౌటర్‌కి తెలీదు. ఇంట్లో కెమెరా పెట్టి బయట నుంచి చూడాలనుకుంటే రాదు, ఆన్‌లైన్ గేమ్ హోస్ట్ చేస్తే స్నేహితులు చేరలేరు. మీ రౌటర్ ఒక్కదానిదే నాట్ అయితే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే ఫలానా పోర్ట్‌కి వచ్చింది లోపల ఫలానా పరికరానికి ఇవ్వు అని రౌటర్‌కి ముందే చెప్పి, నెట్టుకురావచ్చు. కానీ ఇప్పుడు చాలా ఐఎస్‌పీలు వాళ్ళ దగ్గర కూడా ఇంకో నాట్ పెట్టేశాయి, దాన్ని సీజీనాట్ అంటారు, క్యారియర్ గ్రేడ్ నాట్, అక్కడ మీ చేతిలో ఏమీ ఉండదు. కనిపెట్టడం తేలికే, రౌటర్ సెట్టింగ్స్‌లో వాన్ అడ్రస్ చూడండి, అది 100.64 కీ 100.127 కీ మధ్యలో ఉంటే మీరు సీజీనాట్ వెనకున్నట్టు, ఆ వరసని 2012లో ప్రత్యేకంగా దీనికోసమే పక్కన పెట్టారు. ఇది తెలీక రాత్రంతా కూర్చుని పోర్ట్ ఫార్వర్డింగ్ సెట్టింగ్స్ మార్చేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

దీనికి అసలైన పరిష్కారం ఐపీవీ6. అడ్రస్ 128 బిట్లు, మొదటి స్టాండర్డ్ 1995 డిసెంబర్‌లోనే వచ్చింది. (మధ్యలో 5 ఏమైంది అని అడుగుతారు, ఆ నంబర్ ఇంటర్నెట్ స్ట్రీమ్ ప్రోటోకాల్ అనే ప్రయోగానికి పోయింది.) ఇన్నేళ్ళయినా పూర్తిగా రాకపోవడానికి కారణం, దానికి పాతదానితో నేరుగా మాట్లాడటం కుదరదు, కాబట్టి అందరూ రెండూ నడపాల్సి వస్తోంది. నా అభిప్రాయం అడిగితే, ఎవరైనా ఎవరితోనైనా నేరుగా మాట్లాడగలగడమే ఇంటర్నెట్ మొదటి గుణం, నాట్ దాన్ని మన నుంచి మెల్లగా తీసేసుకుంది, ఐపీవీ6 తిరిగి ఇస్తుంది. మీ రౌటర్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి.

డీఎన్ఎస్‌కి వద్దాం, డొమైన్ నేమ్ సిస్టమ్. పేరిస్తే నంబర్ చెప్తుంది. ఇది లేని రోజుల్లో నెట్‌వర్క్ మొత్తానికీ ఒకే ఒక ఫైల్ ఉండేది, హోస్ట్స్ ఫైల్, కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ చేరితే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఫైల్‌లో రాస్తారు, అందరూ ఆ ఫైల్‌ని మళ్ళీ మళ్ళీ కాపీ చేసుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఇది కుదరదని 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ రాశాడు. మొత్తం జాబితా ఏ ఒక్కరి దగ్గరా ఉండదు, పైనున్న రూట్ సర్వర్లకి డాట్ కామ్ ఎవరు చూస్తారో తెలుసు, డాట్ కామ్ వాళ్ళకి ఫలానా సైట్ ఎవరు చూస్తారో తెలుసు, ఇలా ఒకర్నించి ఒకరికి పంపిస్తూ పోతారు. రూట్‌కి 13 పేర్లే ఉన్నాయి గానీ ఆ పేర్ల వెనక ప్రపంచమంతా వందలకొద్దీ కాపీలు నడుస్తున్నాయి.

ఇది ఆగితే కనిపించేది ఏంటి? ఏ సైట్ పేరు కొట్టినా రాదు, కానీ అప్పటికే మొదలైన వీడియో కాల్ మాత్రం హాయిగా నడుస్తూ ఉంటుంది. టెస్ట్ చెయ్యాలంటే 1.1.1.1 కి గానీ 8.8.8.8 కి గానీ (ఇవి అందరికీ జవాబిచ్చే సర్వర్ల నంబర్లు) పింగ్ కొట్టండి, అంటే ఉన్నావా అని అడిగే చిన్న ప్రోగ్రామ్ నడపండి, జవాబు వస్తే లైన్ బాగానే ఉంది, పేర్లు చెప్పేవాళ్ళే పలకట్లేదు. డీఎన్ఎస్ సర్వర్ మార్చుకుంటే అప్పటికప్పుడు పని జరిగిపోతుంది. ఇంకో సంగతి, సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చినప్పుడు కొందరికి పాతదే కనిపిస్తుంది, దాన్ని ప్రాపగేషన్ అంటారు, మార్పు మెల్లగా ప్రపంచమంతా పాకుతోంది అన్నట్టు. అలా ఏమీ పాకదండీ. ప్రతి జవాబుకీ టీటీఎల్ అని ఒక గడువుంటుంది, టైమ్ టు లివ్, అది సెకన్లలో ఉంటుంది, అప్పటిదాకా పాత జవాబు దాచిపెట్టుకున్నవాళ్ళు అదే చూస్తారు. కాబట్టి సైట్ మార్చే ముందు రోజే టీటీఎల్ తగ్గించి పెట్టుకోండి, మార్చాక తగ్గిస్తే లాభం లేదు.

టీటీఎల్ ఇంకో చోట కూడా వస్తుంది, అక్కడ లెక్క వేరు. నెట్ మీద డేటా చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, ఒక్కో ముక్కని ప్యాకెట్ అంటారు, ప్రతి ఐపీ ప్యాకెట్‌లోనూ 8 బిట్ల టీటీఎల్ ఉంటుంది, గరిష్ఠంగా 255. ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ని పారేసి పంపినవాళ్ళకి కబురు పెడుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ గుండ్రంగా తిరక్కుండా ఇది ఏర్పాటు. ఆ కబురు మోసేది ఐసీఎంపీ, ఇంటర్నెట్ కంట్రోల్ మెసేజ్ ప్రోటోకాల్. పింగ్ వాడేది కూడా దీన్నే. పింగ్‌ని 1983 డిసెంబర్‌లో మైక్ మ్యూస్ రాశాడు, జలాంతర్గాముల్లో సోనార్ చేసే శబ్దం పేరు పెట్టాడు, దానికి ఫుల్ ఫామ్ తర్వాత ఎవరో అతికించారు. దారిలో ఏయే రౌటర్లున్నాయో చూపించే ట్రేస్‌రూట్ అనే ప్రోగ్రామ్ ఇంకా తెలివైంది, కావాలని టీటీఎల్ 1 తో ఒక ప్యాకెట్, 2 తో ఒకటి, 3 తో ఒకటి పంపిస్తుంది, ఒక్కోటి ఎక్కడ చచ్చిపోయిందో ఆ రౌటరే చెప్తుంది కాబట్టి దారంతా బయటపడుతుంది. మధ్యలో నక్షత్రం గుర్తులు వస్తే కంగారు పడకండి, కొన్ని రౌటర్లు జవాబివ్వవు అంతే, దాని తర్వాత వరసలు వస్తుంటే దారి బాగానే ఉన్నట్టు.

ఇక టీసీపీ. ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ ప్రోటోకాల్. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974 మేలో దీని మీద పేపర్ అచ్చువేశారు. అప్పుడు టీసీపీ, ఐపీ అని రెండు లేవు, అంతా ఒకటే. తర్వాత నెట్‌వర్క్ మీద మాటలు పంపించాలని చూసినవాళ్ళు, మాకు పోయిన ముక్కని మళ్ళీ పంపించడం అక్కర్లేదు, ఆలస్యమైన మాట కంటే పోయిన మాటే నయం, అని పట్టుబట్టారు. నిజమే కదా, కాల్‌లో అర సెకను ముక్క పోతే పర్లేదు, అది మూడు సెకన్ల తర్వాత వస్తేనే చిరాకు. అలా 1978లో రెండుగా విడదీశారు, అడ్రస్ చూసి పంపడం ఐపీకి, పోయినవి మళ్ళీ తెప్పించి వరసలో పెట్టడం టీసీపీకి. ఆ భరోసా అక్కర్లేనివాళ్ళకి యూడీపీ వచ్చింది, యూజర్ డేటాగ్రామ్ ప్రోటోకాల్, 1980. ప్రతి ప్యాకెట్ ముందు అంటించే వివరాల చీటీని హెడర్ అంటారు, టీసీపీ హెడర్ కనీసం 20 బైట్లు, యూడీపీది 8 బైట్లే. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కి ముందు తరమైన ఆర్పానెట్ మొత్తం పాత పద్ధతి వదిలేసి టీసీపీ ఐపీకి మారింది.

టీసీపీ ఆగితే రెండు రకాల ఎర్రర్‌లు వస్తాయి, వాటి తేడా తెలిసినవాళ్ళు నాకు తెలిసి తక్కువ, అందుకే నొక్కి చెప్తున్నా. ఒకటి కనెక్షన్ రిఫ్యూజ్డ్, రెండోది కనెక్షన్ టైమ్డ్ అవుట్. రిఫ్యూజ్డ్ అంటే దాదాపు శుభవార్త. సాధారణంగా అవతలి మెషిన్ ఉంది, దారి ఉంది, మీ మాట చేరింది, కానీ ఆ పోర్ట్‌లో ప్రోగ్రామ్ ఏదీ నడవట్లేదు కాబట్టి వద్దంది. సర్వర్‌లో ఆ ప్రోగ్రామ్ మళ్ళీ స్టార్ట్ చేస్తే చాలు. టైమ్డ్ అవుట్ అంటే ఎవరూ పలకలేదు, మెషిన్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా మధ్యలో ఫైర్‌వాల్, అంటే ఏది లోపలికి రావాలో తేల్చే కాపలా, ఏమీ చెప్పకుండా పారేస్తూ ఉండొచ్చు. మొదటిదానికి ఫైర్‌వాల్ వెతుక్కుంటూ, రెండోదానికి ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేస్కుంటూ కూర్చుంటే రోజులు పోతాయి.

టీసీపీకి ఇంకో గుణం ఉంది, దాని కథ చెప్పకుండా ఉండలేను. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య స్పీడ్ సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. 32 వేల నుంచి 40! వాటి మధ్య దూరం నాలుగొందల గజాలు. వైర్లేం తెగలేదు, అందరి కంప్యూటర్లూ జవాబు రాలేదని మళ్ళీ మళ్ళీ పంపించడం, దాంతో రద్దీ ఇంకా పెరగడం, ఇంకా జవాబు రాకపోవడం. వాన్ జేకబ్‌సన్ దీన్ని తవ్వి, ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని అర్థం చేసుకుని మనమే తగ్గాలి, తర్వాత మెల్లగా పెంచుకోవాలి, అని 1988లో పద్ధతి చెప్పాడు. ఇవాళ్టికీ పెద్ద డౌన్‌లోడ్ మొదలుపెడితే స్పీడ్ కింద నుంచి పైకి ఎక్కుతుంది చూడండి, అది ఆ ఆలోచనే. ఎవరూ బలవంతం చెయ్యకుండానే ప్రతి మెషినూ తనంతట తాను తగ్గుతుంది కాబట్టే ఇంటర్నెట్ నిలబడింది, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. స్పీడ్ అన్నాం కాబట్టి, ఎంబీపీఎస్‌లో బీ అంటే బిట్, ఫైల్ సైజులో బీ అంటే బైట్, 8 బిట్లు ఒక బైట్, అంటే 100 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకి 12 మెగాబైట్ల దగ్గర వస్తే మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యట్లేదు.

టీఎల్ఎస్, ట్రాన్స్‌పోర్ట్ లేయర్ సెక్యూరిటీ. దీని పాత పేరు ఎస్ఎస్ఎల్, నెట్‌స్కేప్ కంపెనీ 1990లలో చేసింది, 1999లో టీఎల్ఎస్ అయింది, ఇప్పుడున్నది 2018 నాటి 1.3. ఎస్ఎస్ఎల్‌ని వాడొద్దని ఎప్పుడో తేల్చేశారు, పేరు మాత్రం సర్టిఫికెట్లు, అంటే ఈ పేరు ఈ సైట్‌దే అని చూపించే డిజిటల్ పత్రాలు, అమ్మేవాళ్ళ నోట్లో అలా ఉండిపోయింది. సైట్ అడ్రస్ మొదట్లో కనిపించే హెచ్‌టీటీపీఎస్ చివర్లో ఎస్ ఇదే. ఒక్కటి స్పష్టంగా చెప్పాలి, అడ్రస్ బార్‌లో పేరున్న సైట్‌కీ మీకూ మధ్య మాటలు ఎవరూ వినలేరు, మార్చలేరు, అంతవరకే దీని హామీ. ఆ సైట్ నడిపేవాళ్ళు మంచివాళ్ళని అది చెప్పదు. దొంగ సైట్లకి కూడా సర్టిఫికెట్ దొరుకుతుంది, కాబట్టి పేరు అక్షరం అక్షరం చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఇదే చెప్పండి.

టీఎల్ఎస్ విచిత్రంగా ఆగే సందర్భం ఒకటుంది. చాలాకాలం తర్వాత పాత ల్యాప్‌టాప్ తీస్తారు, ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్. కారణం గడియారం. లోపల బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కిపోయి ఉంటుంది, సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే అని గడువు ఉంటుంది కదా, ఆ లెక్కన అది ఇంకా మొదలే కాలేదు. గడియారాలు సరిచేసేది ఎన్‌టీపీ, నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, డేవిడ్ మిల్స్ అనే ఆయన 1985లో మొదలుపెట్టి జీవితమంతా దాని మీదే పనిచేశాడు. ఎవరూ తల్చుకోని అక్షరాలు ఇవి, కానీ ఇవి లేకపోతే బ్రౌజర్ నుంచి బ్యాంకింగ్ దాకా అన్నీ తడబడతాయి.

హెచ్‌టీటీపీ, అంటే బ్రౌజర్ సర్వర్‌ని పేజీ అడిగి తెచ్చుకునే పద్ధతి, దాని గురించి క్లుప్తంగా చెప్తా. పేజీ దొరకలేదని 404 వచ్చిందా, లేదా 502 వచ్చిందా, అయితే మీ నెట్‌ని తిట్టకండి. ఆ నంబర్ మీ దాకా వచ్చిందంటే డీఎన్ఎస్, టీసీపీ, టీఎల్ఎస్ అన్నీ పనిచేశాయి, ఒక సర్వర్ నోరు తెరిచి జవాబు చెప్పింది. 404 అంటే ఆ పేజీ లేదు, 502 అంటే ముందున్న సర్వర్ వెనకున్న సర్వర్‌ని అడిగితే సరైన జవాబు రాలేదు. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఇవి పోవు. ఇప్పుడు కొత్తగా హెచ్‌టీటీపీ 3 వచ్చింది, 2022లో, అది టీసీపీ వదిలేసి క్విక్ అనే ఇంకో ప్రోటోకాల్ మీద నడుస్తుంది, క్విక్ యూడీపీ మీద నడుస్తుంది. కొన్ని ఆఫీసుల్లో యూడీపీ ఆపేస్తారు, అయినా సైట్లు తెరుచుకుంటాయి, ఎందుకంటే బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా టీసీపీకి వెళ్ళిపోతుంది.

వీపీఎన్ అందరూ విన్నదే, వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, మామూలు నెట్ మీదే మన ప్యాకెట్లని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి ఆఫీసు లాంటి చోటికి పంపే ఏర్పాటు. దాని మీద నాకున్న ఒక్క మాట ఎంటీయూ గురించి, మ్యాగ్జిమమ్ ట్రాన్స్‌మిషన్ యూనిట్, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, ఈథర్‌నెట్ మీద 1500 బైట్లు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కీ తన హెడర్ తగిలిస్తుంది, అప్పుడు నిండు ప్యాకెట్ 1500 దాటిపోతుంది, దారిలో రౌటర్ "ఇది పెద్దది, చిన్నవి పంపు" అని ఐసీఎంపీలో కబురు పెడుతుంది. ఆ కబురుని ఎవరైనా భద్రత పేరుతో ఆపేస్తే? పంపినవాడికి సంగతి తెలీదు, అదే సైజులో పంపిస్తూనే ఉంటాడు. లాగిన్ అవుతుంది, పింగ్ వస్తుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద ఫైల్ దగ్గర మాత్రం ఆగిపోతుంది. ఇంత తికమక పెట్టే లోపం ఇంకోటి ఉండదు. వీపీఎన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ 1400 కి తగ్గించి చూడండి, చాలాసార్లు సరిపోతుంది. అలాగే ఐసీఎంపీని గుండుగుత్తగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి, అది భద్రత కాదు, కళ్ళకి గంతలు కట్టుకోవడం.

చివరగా బీజీపీ, బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. ఇంటర్నెట్ అంటే వేలకొద్దీ విడివిడి నెట్‌వర్క్‌లు, ఒక్కోదాన్ని ఏఎస్ అంటారు, అటానమస్ సిస్టమ్. ఈ అడ్రస్‌లకి దారి నా దగ్గరుంది అని ఒకరికొకరు చెప్పుకునేది బీజీపీలోనే. 1989లో ఒక మీటింగ్‌లో కిర్క్ లాహీడ్, యాకోవ్ రెఖ్టర్ కాగితపు న్యాప్‌కిన్ల మీద దీన్ని గీశారు. ఇది కూడా ఏఆర్‌పీ లాగానే చెప్పిందల్లా నమ్మే కాలంలో పుట్టింది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికామ్ తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపడానికి పెట్టుకున్న ఒక దారి ప్రకటన బయటికి పాకింది, బీజీపీలో చిన్న బ్లాక్‌కి ఇచ్చిన దారే గెలుస్తుంది కాబట్టి ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ ప్యాకెట్లు అటు వెళ్ళిపోయాయి, సరిచెయ్యడానికి రెండు గంటలు పట్టింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు మాయమైనప్పుడు మాత్రం కథ లోపల నుంచే మొదలైంది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ డేటా సెంటర్ల మధ్య లింకుల్ని తెంచేసింది, డేటా సెంటర్లు కనిపించట్లేదని వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లు తమ బీజీపీ దారుల్ని వెనక్కి తీసుకున్నాయి, దాంతో ఆ పేర్లకి జవాబు చెప్పేవాళ్ళే లేకుండా పోయారు. ఆ రోజు ఫోన్ పట్టుకున్నవాళ్ళకి కనిపించింది డీఎన్ఎస్ ఎర్రర్, దాని వెనక బీజీపీ, దాని వెనక తెగిన లింకులు. ఇప్పుడు ఫలానా అడ్రస్‌లని ప్రకటించే హక్కు ఫలానా నెట్‌వర్క్‌దే అని సంతకంతో నిరూపించే ఏర్పాటు వచ్చింది, ఆర్‌పీకేఐ అంటారు, రిసోర్స్ పబ్లిక్ కీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. మీలో ఎవరైనా ఐఎస్‌పీలో పనిచేస్తుంటే మీ నెట్‌వర్క్‌లో అది ఆన్ చేశారో లేదో కనుక్కోండి.

నేను చెప్పినవాటిలో చాలావాటికి మూలం ఆర్ఎఫ్‌సీలు, రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్. మొదటిది స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్ 7న రాశాడు, అవన్నీ ఈరోజుకీ డబ్బు కట్టకుండా ఎవరైనా చదువుకోవచ్చు. ముందు 768 తెరవండి, జాన్ పోస్టెల్ రాసిన యూడీపీ, మొత్తం మూడే పేజీలు, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. అది అర్థమయ్యాక 791 కి వెళ్ళండి, ఐపీ అక్కడుంది. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను, వెనక వరసలో చెయ్యెత్తినవాళ్ళు ముందు అడగండి, మైక్ అటు పంపిస్తున్నారు.